బల్ల మీద వేళాకోళం

నర్సింగ్ హోమ్, నా గది
సోమవారం

ప్రియమైన అక్కకు,

బావని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే అంబులెన్సు తలుపు వేసే ముందు నువ్వన్న మాట ప్రకారమే ఫోన్ చేయడం లేదు. "నీ గొంతు వింటే అరిచేస్తాను. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే రాసి పంపు, చదవబుద్ధి అయితే చదువుతాను" అన్నావు. ఆపరేషన్ థియేటర్ బయట నీకు సగం సగం చెప్పాను. అప్పుడు నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇప్పుడు సరిగ్గా చెబుతాను, ఓపిక పట్టి చదువు.

బావకి ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగిపోయిందని నీకు తెలుసు. ఈ ఆపరేషన్‌లో పొట్ట కోయం. మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి, దాని చివర సన్నటి తీగకి కరెంటు ఇచ్చి, పెరిగిన కండని ముక్కలు ముక్కలుగా గీసి తీస్తాం. రక్తం అడ్డొస్తే ఏమీ కనబడదు కాబట్టి ఒక ద్రవాన్ని ఆపకుండా పారిస్తూ లోపల కడుగుతూనే ఉంటాం. మా దగ్గరున్న మిషన్‌తో చేసేటప్పుడు అందులో ఉప్పు ఉండకూడదు. ఉంటే కరెంటు తీగ దగ్గర నిలవకుండా చెదిరిపోతుంది. లోపలికి పోయిన ద్రవం పోయినట్టే బయటికి రావాలి. బావకి అలా రాలేదు. తెగిన రక్తనాళాల్లోంచి చాలా భాగం ఒంట్లోకి పోయింది. రక్తంలో ఉప్పు పలచబడింది. అక్కడి డాక్టర్లు సోడియం అంటున్నది దాన్నే. దాంతో మెదడు నీరు పట్టి ఉబ్బింది. ఫిట్స్ వచ్చింది అందుకే, ఇంకా స్పృహ రానిదీ అందుకే.

ఇది జరగొచ్చని మా పుస్తకాలన్నిట్లో ఉంది. అరుదు. ఇన్నేళ్లలో నా చేతిలో ఎప్పుడూ ఇంతదాకా రాలేదు. వస్తే గిస్తే మా బావకే రావాలా?

వాళ్లు ఉప్పు కొద్దికొద్దిగా ఎక్కిస్తుంటే ఆలస్యం చేస్తున్నారని గొడవ పెట్టుకోకు. తొందరపడితే మెదడుకి ఇంకో దెబ్బ తగులుతుంది.

నన్ను రానివ్వు అక్కా. గది బయట కూర్చుంటాను. నీ కంట పడను.

నీ తమ్ముడు


పెద్దాసుపత్రి ఎదురు వీధి, మేడమీది గది
గురువారం

డాక్టరు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పింది అర్థమైంది. పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చక్కగా చెప్పారు. మీరు రానవసరం లేదు.

ఆయన అలాగే ఉన్నారు. నోట్లో గొట్టం ఉంది. మిషన్ ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా ఛాతీ లేచి పడుతోంది. ఐసీయూ తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి చూస్తే ఆయన పాదాలే కనబడతాయి. బయట కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి. వరసలో ఎవరో ఒకరు కాలు ఊపితే మిగతావాళ్లమంతా ఊగుతాం. ఎవరం ఎవర్నీ ఏమీ అనం. పొద్దున పెద్ద డాక్టరు వచ్చి "చూద్దామమ్మా" అంటాడు. సాయంత్రం వచ్చి "చూస్తున్నామమ్మా" అంటాడు.

నిన్న నర్సు ఆయన సామాన్లు సంచీలో పెట్టి నా చేతికిచ్చింది. కళ్లజోడు, చెప్పులు, చొక్కా. మనిషి లేకుండా చొక్కా ఇస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. మీరెప్పుడూ ఇచ్చే వైపే ఉన్నారు.

ఒక్క సంగతి అడగాలి. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాం, నడుం కింద మాత్రమే మత్తు, మనిషి మెలకువగానే ఉన్నాడు అని మీరే చెప్పారు. మెలకువగా ఉండి మాట్లాడకుండా ఉండే మనిషి కాదు ఆయన. ఇకమీద మాట్లాడతారో లేదో తెలియదంటున్నారు. కాబట్టి ఆ బల్ల మీద చివరగా ఏం మాట్లాడారో నాకు కావాలి. మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం వారి భార్య (ఇక్కడ నా పేరు ఇదే)


నర్సింగ్ హోమ్
ఆదివారం

అక్కా,

నన్ను తిట్టు, కొట్టు, మీరు అని మాత్రం రాయకు. నిన్ను నేను బతిమాలేది అదొక్కటే.

ఏం మాట్లాడాడని అడిగావు. నవ్వించాడు అక్కా. థియేటర్‌లోకి వస్తూనే నా కాళ్ల దగ్గరున్న పెడల్స్ చూశాడు, రోజూ డ్రైవింగ్ నేర్పే మనిషి కదా. ఒకటి కండ కోయడానికి, రెండోది రక్తం ఆపడానికి. "ఇదేంట్రా బావమరిదీ, ఇక్కడా పెడల్సేనా? ఈ సంగతి ముందే చెబితే నేనే చేసుకునేవాణ్ణి కదా" అన్నాడు. మొదలుపెట్టాక, "క్లచ్ తొక్కకుండా అంతసేపు లాగకు, ఇంజను నాది" అన్నాడు. నర్సులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయారు. కొత్తగా వచ్చిన మత్తు డాక్టరమ్మతో "అమ్మా, వీడికి డ్రైవింగ్ నేర్పింది నేనే, అందుకే భయమేస్తోంది" అన్నాడు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

అంతే. తర్వాత మగతగా పడుకున్నాడు అనుకున్నాను.

రేపు సోడియం ఎంత ఉందో అడిగి నాకు రాయి. కళ్లలో లైటు వేసినప్పుడు కనుపాపలు ముడుచుకుంటున్నాయా అని కూడా అడుగు. ఈ రెండు ముక్కలు చాలు.

తమ్ముడు


మేడమీది గది
బుధవారం

ఒరేయ్,

నువ్వనే రాస్తున్నాను. అంత మర్యాదకి నువ్వు తగవు.

నిన్న మీ మత్తు డాక్టరమ్మ వచ్చింది. నేనెవరో అడిగి తెలుసుకుని, ఆ కుర్చీల వరసలో నా పక్కన కూర్చుంది. నేను చూడగానే ఏడ్చింది. ఓదార్చాల్సిన పని నాకు పడింది. అంతా చెప్పింది.

మొదట ఆవలింతలు మొదలయ్యాయట. భుజాలు కదిలిస్తూ అసహనంగా ఉన్నారట. ఆ తర్వాత, "ఎవర్రా లైట్లు తగ్గించింది? ఎదర రోడ్డు కనబడటం లేదు" అన్నారట. మీరందరూ నవ్వారట. ఆ పిల్ల మాత్రం, "సార్, ఒకసారి ఆపుదాం, రక్తం పరీక్షకి పంపుదాం" అంది. నువ్వు ఆ గొట్టంలోంచి కన్ను తీయకుండా, "మా బావ తీరే అంతమ్మా, నువ్వు కొత్త" అన్నావు. ఆయన మళ్లీ "నిజంగానేరా, కనబడటం లేదు" అన్నారు. దానికి నువ్వేమన్నావు? నేను రాయనా, నువ్వు రాస్తావా?

"కళ్లజోడు లేకుండా బండి నడుపుతున్నావా బావా, చలానా రాస్తానుండు" అన్నావు.

ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే నిద్రపోయాడనుకున్నావు! మా ఆయన ఎప్పుడన్నా మాట మధ్యలో నిద్రపోయాడా? నీతో పోట్లాటలో ఆఖరి మాట నీకు వదిలేసి ఒక్కసారన్నా ఊరుకున్నాడా? ఇరవై ఏళ్లుగా మీ ఇద్దరి మధ్యా కూర్చుని వింటున్నాను. పెళ్లిలో మొదలుపెట్టారు. మా అత్తగారు పోయిన రోజున కూడా ఆపలేదు. ఆ రోజు మూలగదిలో ఒంటరిగా కూర్చున్న ఆయన్ని నవ్వించింది నువ్వేనని అప్పుడు నీ మీద నాకెంత ప్రేమ కలిగిందో. ఇప్పుడు ఆ నవ్వే తలుచుకోలేకపోతున్నాను.

కళ్లు కనబడక భయపడిపోయిన మనిషి నిన్ను పిలిచాడు. నువ్వు జోకు వేశావు.

అది చెప్పకుండా, క్లచ్ జోకు ఒకటి ఏరి నాకు పంపించావు. ఇక రాయకు. సోడియం ఎంతో నీకెందుకు?


నర్సింగ్ హోమ్
శనివారం

అక్కా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేను.

ఆ అమ్మాయి చెప్పింది ప్రతి అక్షరం నిజం. నీకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇక్కడి డాక్టర్ల మీటింగులో మాత్రం చెప్పాను. ఆమె ఆపమంది, నేనే ఆపలేదు అని అందరి ముందూ చెప్పాను. ఇంతకు ముందు ఆమె వైపు వేలెత్తి చూపిన వాళ్లు తల దించుకున్నారు. దానివల్ల నీకేం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు.

జరిగింది ఇది. గ్రంథి పెద్దది, రక్తం ఎక్కువ వస్తోంది. బాగా కనబడాలని ద్రవం సంచీలను ఇంకాస్త పైకి కట్టించాను. పైకి కడితే ఒత్తిడి పెరుగుతుంది, ఒంట్లోకి ఎక్కువ పోతుంది. తెలుసు. మిగిలింది కొంచెమే, ముగించేద్దాం, మళ్లీ ఇంకోసారి బావని బల్ల ఎక్కించడం ఎందుకు అనుకున్నాను. ఆవలించడం, చూపు మసకబారడం, తిక్కతిక్కగా మాట్లాడటం ఇవన్నీ ఆ నీరు ఒంట్లోకి పోతోందనడానికి గుర్తులు. ఇదీ తెలుసు. మనిషిని మెలకువగా ఉంచేదే దానికోసం, మాట తేడా వస్తే పట్టుకోవచ్చని. ఇంకే మనిషైనా లైట్లు తగ్గాయేంటి అంటే తక్షణం ఆపేసేవాణ్ణి. బావ అన్నాడు కాబట్టి నవ్వాను.

ఆయన నేర్పే కారులో పక్క సీటు కింద రెండో బ్రేకు ఉంటుంది కదా, నేర్చుకునేవాడు తప్పు చేస్తే పక్కవాడు తొక్కడానికి. ఆ రోజు ఆ డాక్టరమ్మ తొక్కింది. నేనే ఆమె కాలు తీయించాను.

అసలు ఈ ఆపరేషన్ నేను చేయకూడదు. వేరే చోటికి పంపిస్తానన్నాను. "ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి ముందు కాళ్లు బారచాపుకుని పడుకోమంటావా? నువ్వయితే కబుర్లయినా చెప్పుకోవచ్చు" అన్నాడు. సరే అన్నాను. నాకూ ముచ్చటేసింది అక్కా. ఆ ముచ్చట ఇంతకి తెచ్చింది.

నా మీద కోపం నీ ఇష్టం. మనిషి ఎలా ఉన్నాడో ఒక్క మాట చెప్పు.


నర్సింగ్ హోమ్
ఏ వారమో చూసుకోలేదు

అక్కా,

నెల దాటింది. నీ దగ్గర్నించి ఏమీ లేదు. పెద్దాసుపత్రిలో నాతో చదువుకున్నవాణ్ణి అడిగాను. "మీ అక్కగారు మీకు చెప్పొద్దని రాసిచ్చారు" అన్నాడు. బతికే ఉన్నాడని వాడి గొంతుని బట్టి అనుకున్నాను. ఆ మరుసటి రోజుకి ఆ నమ్మకం కూడా పోయింది.

నేను ఆపరేషన్లు చేయడం లేదు. బయటి రోగుల్ని చూస్తున్నాను, అదీ సరిగ్గా కాదు. మొన్న ఒక ముసలాయన "డాక్టరు గారూ, మా ఆవిడ నన్ను వదిలించుకోడానికే మీ దగ్గరికి పంపింది" అని నవ్వాడు. నేను ఆయన కళ్లలో లైటు వేసి చూశాను. రక్తం పరీక్షకి పంపాను. ఆయన భయపడిపోయి వెళ్లిపోయాడు. ఎవరు నవ్వుతూ మాట్లాడినా నా చెయ్యి లైటు మీదికే పోతోంది.

ఆదివారం మీ డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాను. తాళం నా దగ్గర ఒకటి ఉందిగా. షట్టరు ముందు ఒకావిడ నిలబడి ఉంది. సగం నేర్చుకుందట, సారు ఎప్పుడొస్తారని రోజూ వచ్చి చూసి వెళుతోందట. ఏం చెప్పాలో తెలియక కారు మీద గుడ్డ తీసి, బావ సీట్లో నేను కూర్చుని, "పదండి" అన్నాను. ఆవిడ ఎంత యాక్సిలరేటర్ తొక్కినా బండి ఏడుస్తోంది గానీ కదలడం లేదు. రెండు మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. చివరికి ఆవిడే కిందకి తొంగి చూసి, "సార్, మీ కాలు బ్రేకు మీద ఉంది, తీయండి" అంది. తీయలేకపోయాను. ఎంత తీద్దామన్నా కాలు రాలేదు. ఆవిడ దిగి, మెల్లగా తలుపు వేసి వెళ్లిపోయింది. ఆ కార్లోనే కూర్చుని ఏడ్చాను.

బావ పోయినట్టయితే ఆ మాటే రాయి. తెలియకుండా ఇలా బతకడం నావల్ల కావడం లేదు.


పెద్దాసుపత్రి, వెనక బ్లాకు, వ్యాయామం గది పక్క వరండా
సోమవారం

తమ్ముడికి,

ఆయన బతికే ఉన్నారు.

కళ్లు తెరిచి చాలా రోజులైంది. నువ్వు నన్ను ఒక్క మాట చెప్పమని రాసిన ఉత్తరం నా చేతికి వచ్చేసరికే తెరిచారు. గొట్టం తీసేశారు. చూపు కూడా వచ్చింది, చెంచా అటూ ఇటూ తిప్పితే కళ్లు దాని వెంట పోతున్నాయి. నీకు కావాలనే చెప్పలేదు. నేను ఎలా మాడిపోయానో నువ్వూ మాడాలని అనుకున్నాను. పొద్దున్నే లేచి, వాడికింకా తెలియదు కదా అనుకుంటే కాస్త సుఖంగా ఉండేది. ఈ రోజుల్లో నాకు దొరికిన సుఖం అదొక్కటే, నిజం చెబుతున్నాను. నీ కారు కథ చదివాక అది కూడా పోయింది.

అయితే నువ్వు సంబరపడాల్సింది ఏమీ లేదు. కళ్లు తెరిచారు, అందులో మనిషి లేడు. కూర్చోబెడితే కూర్చుంటారు, నిలబెడితే నిలబడతారు. గడ్డం గీస్తుంటే ఇటు తిప్పమంటే ఇటు తిప్పుతారు. ఇంతకు ముందు గడ్డం గీసుకుంటూనే నాతో పోట్లాడే మనిషి. వ్యాయామం చేయించే అమ్మాయి రెండు కడ్డీల మధ్య నడిపిస్తుంది. అటు చివరికి వెళ్లి ఆగిపోతారు. ఎవరన్నా తిప్పేదాకా గోడవైపు చూస్తూ అలాగే నిలబడతారు. మొన్న నాకు ఫోన్ వచ్చి నేను పక్కకి వెళితే ఎంతసేపు నిలబడ్డారో పాపం.

ఒక్క మాట లేదు. ఒక్కటంటే ఒక్కటి. నేను చెవి దగ్గర కూర్చుని నువ్వు చేసిన వెధవ పనులన్నీ చెబుతున్నాను, ఏదో ఒకటి అంటారేమోనని. నీ పెళ్లి చూపుల్లో నువ్వు అత్తగారికి దండం పెట్టబోయి వంటమనిషికి పెట్టిన సంగతి కూడా చెప్పాను. అది చెబితే ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవారు. నా మొహంలోకి చూశారు, అంతే.

నరాల డాక్టరు ఏదీ దాచడు. "ఈపాటికి రావలసింది చాలావరకు వచ్చేసి ఉండాలమ్మా, ఇక వచ్చేది కొంచెమే" అన్నాడు. ఆ కొంచెంలో మాట ఉందా అని అడిగాను. అది తను చెప్పలేనన్నాడు.

నాకు మా ఆయన కావాలిరా. నోరుమూసుకుని బుద్ధిగా కూర్చునే ఈ మనిషిని నేను ఏం చేసుకోను?

అక్క


నర్సింగ్ హోమ్
గురువారం

అక్కా,

బతికున్నాడన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మిగతాది తర్వాత చదివాను.

నువ్వు నాకు చెప్పకపోవడం సరైనదే.

నరాల డాక్టరు చెప్పినదానికి నేను ఎదురు చెప్పలేను. మెదడు ఇన్ని రోజులకి బాగవుతుందని ఏ పుస్తకంలోనూ లెక్క లేదు, బాగుపడదనీ లేదు. నీకు ఆశ పెట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆశ పెట్టకుండా ఉండటానికీ రావడం లేదు. రమ్మంటే వస్తాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. బావకి అన్నం తినిపించేటప్పుడు కూర్చోబెట్టే తినిపించు, గొంతుకి అడ్డం పడుతుంది. ఇంతకన్నా నాకేమీ చేతకాదు.

తమ్ముడు


అదే వరండా
శుక్రవారం

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ మాట్లాడారు.

ఆగు, పూర్తిగా చదువు. ఇందాక నరాల డాక్టరు వచ్చి రోజూ అడిగేవే అడిగాడు. మీ పేరేంటి? చూస్తూ ఊరుకున్నారు. ఇది ఏ ఊరు? ఊరుకున్నారు. నేను పక్కన తువ్వాలు మడత పెడుతున్నాను. డాక్టరు నా వైపు చూపించి, "ఈమె మీకు ఏమవుతారండీ?" అన్నాడు. మీ బావ నావైపు తిరిగారు. పైనుంచి కిందిదాకా చూశారు. గొంతు బొంగురుగా, ముద్దగా ఉంది, అయినా ప్రతి మాటా నాకు తెలిసింది.

"ఈవిడా? నన్ను చూసుకోడానికి వచ్చారండీ. పాపం, వాళ్లాయన ఎక్కడో తప్పిపోయాడట."

నేను పగలబడి నవ్వాను. తువ్వాలు కింద పడేసి, గోడ పట్టుకుని నవ్వాను. ఇన్ని రోజుల తర్వాత మా ఆయన, అచ్చం మా ఆయన! డాక్టరు నవ్వలేదు. "భార్యని గుర్తుపట్టడం లేదు" అని కాగితం మీద రాసుకున్నాడు.

ఏం చేశానో అప్పుడు తెలిసింది. నువ్వు చేసిందే నేనూ చేశాను. ఆయన నోట్లోంచి వింత మాట రాగానే నవ్వేశాను. ఆయన నిజంగానే నన్ను ఎవరో ఆయా అనుకుని, నా మీద జాలిపడి అన్నారేమో! "ఏమండీ, నేనెవరు?" అని దగ్గరకెళ్లి అడిగాను. మళ్లీ మాట లేదు. పెదవి ఒక పక్కకి కాస్త కదిలింది. ఆయన అల్లరికి ముందు అలా కదిలేది. డాక్టరేమో ఆ పక్క నరం బలహీనంగా ఉందమ్మా, దానంతట అదే లాగుతుంది అంటున్నాడు. ఎవర్ని నమ్మను? నాకు తెలియడం లేదు. పక్కలో పడుకున్న మనిషి గురించి నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నీకు తెలుస్తుంది. ఆయన మాటల్లో ఏది వేళాకోళమో ఏది కాదో ఈ లోకంలో నీ అంతగా తెలిసినవాడు లేడు. ఒకసారి తప్పు విన్నావు. ఆ తప్పు విన్న చెవి తప్ప నాకిప్పుడు వేరే దిక్కు లేదు. నీ మీద కోపం తగ్గిందనుకుని రావద్దు, తగ్గలేదు. అయినా రా. వచ్చి ఆయన ఎదురుగా కూర్చో. నువ్వేమీ జోకు వేయకు. ఆయన ఏదన్నా అంటే ఆఖరిదాకా విను, కళ్లలోకి చూస్తూ విను. విన్నాక, ఆయన ఉన్నారో లేరో నాకు చెప్పు.

నువ్వు వచ్చేదాకా నేను నవ్వను.

అక్క